సాధు సుందర్ సింగ్ జీవితము, ఆయన ఉపమానములు

మన తెలుగు సంఘములలో సుందర్ సింగ్ అని పేరు పెట్టుకొనిన వారు అక్కడక్కడ కనిపిస్తారు. పంజాబులో సిక్కు కుటుంబమున పుట్టిన ఒక యువకుని పేరును, ఆయనను ఎన్నడూ చూడని తెలుగు తల్లిదండ్రులు తమ బిడ్డలకు పెట్టుకున్నారు. కాషాయ వస్త్రము, తలపాగా, నల్లని గడ్డము గల ఆయన పటమును మన పెద్దల ఇండ్లలో గోడమీద చూచినవారు ఇంకను ఉన్నారు. ఆయన చెప్పిన చిన్న కథలు మన ప్రసంగములలో ఎంతగా కలిసిపోయినవంటే, అవి ఎవరివో చెప్పకుండానే చెప్పడము మనకు అలవాటైనది. మేమును అలా చెప్పుచు వచ్చినవారమే. కథ చెప్పి, నీతి చెప్పి, కీర్తన పాడించి ఇంటికి పోతాము. ఆ కథ పుట్టిన దారిలో ఎవరి పాదములు పగిలినవో మాత్రము చెప్పము. ఈ శతవార్షిక సంచికకు వ్యాసము వ్రాయుమని అడిగినప్పుడు, ఆ లోటును కొంతైనా తీర్చుకొనవలెనని ఆయన జీవితమును ఎన్నుకున్నాము.

సుందర్ సింగ్ 1889 సెప్టెంబరు 3వ తేదీన లూధియానా ప్రాంతములోని రాంపూరు గ్రామములో జన్మించారు. తండ్రి షేర్ సింగ్ కలిగిన భూస్వామి. తల్లి గొప్ప భక్తురాలు. ఉదయమున ప్రార్థన కానిదే పిల్లవానికి ఆహారము పెట్టేది కాదు. ఏడేండ్లకే ఆ బాలునికి భగవద్గీత కంఠస్థమైనది. తన అన్నలవలె లోకవ్యవహారములలో పడక, ఈ చిన్నవాడు సాధువు కావలెనని ఆమె కోరిక. పద్నాలుగేండ్ల వయస్సులో ఆయన ఆ తల్లిని పోగొట్టుకున్నారు. తరువాతి కాలమున ఆయన ఉపమానములలో తల్లి మాటిమాటికి వస్తుంది. తల్లి రొమ్మున పాలున్నా బిడ్డ నోరు పెట్టి చప్పరించినప్పుడే అవి దొరికినట్లు, దేవుని యొద్దనున్నది ప్రార్థించు వానికే దొరుకునని ఆయన చెప్పేవారు. తోటలో చెట్టుచాటున దాగి, వెదకుచున్న బిడ్డ ఏడుపు వినుచుండు తల్లిని చూపి, దేవుడు కనబడనప్పుడు దూరముగా లేడని చెప్పేవారు. మరుగైయున్న దేవుని గూర్చి వేదాంత కళాశాలలో మేము లావుపాటి పుస్తకములే చదివాము. సంఘములో బిడ్డను పాతిపెట్టి వచ్చిన ఒక యింట మాకు నోట వచ్చినది మాత్రము ఆ చెట్టుచాటు తల్లియే.

రాంపూరులో అమెరికను ప్రెస్బిటేరియను మిషను బడి ఉండేది. ఆ బడిలో బైబిలు చదువవలసి వచ్చినందున ఆ బాలుడు దానిని ద్వేషించాడు. తల్లి పోయిన దుఃఖము ఆ ద్వేషమును పెంచినది. క్రైస్తవ బోధకుల మీద రాళ్లు వేశాడు. 1904 డిసెంబరు 16వ తేదీన అందరి యెదుట సువార్త పుస్తకమును నిప్పులో కాల్చాడు. కాల్చినందున శాంతి రాలేదు. రెండు దినముల తరువాత తెల్లవారుజామున లేచి, చన్నీటి స్నానము చేసి, నిజమైన దేవుడుంటే తనకు కనబడవలెనని, లేనియెడల ఉదయపు రైలు క్రింద తల పెట్టెదనని నిశ్చయించుకొని ప్రార్థనలో కూర్చున్నాడు. ఇంటిమీదుగా పోవు రైలు వచ్చుటకు ముందే ఆ గదిలో వెలుగు కనబడినదని, ఆ వెలుగులో తాను హింసించుచున్న యేసు కనబడ్డాడని ఆయన జీవితాంతము సాక్ష్యమిచ్చారు. అప్పటికి వయస్సు పదిహేనేండ్లు.

ఆ తరువాతి నెలలలో జరిగినవి ఆ వయస్సు పిల్లవాడు మోయదగినవి కావు. తండ్రి బ్రతిమాలాడు. పినతండ్రి నేలమాళిగలోనికి తీసికొనిపోయి ధనమును చూపి, ఇల్లు విడువకుంటే ఇదంతా నీదే అన్నాడు. సిక్కుల ఆనవాలైన కేశములను ఆ బాలుడు కత్తిరించుకొనగా ఇంటినుండి వెళ్లగొట్టారు. వెళ్లుటకు ముందు పెట్టిన అన్నములో విషము కలిపారు. రోపడ్ ఊరిలోని క్రైస్తవుల యింట చావు దగ్గరకు వెళ్లి బ్రతికాడు. తన పదహారవ పుట్టిన దినమున, 1905 సెప్టెంబరు 3న, సిమ్లాలో బాప్తిస్మము పొందారు. నెల దాటిన కొద్ది దినములకే కాషాయ వస్త్రము ధరించి, చెప్పులు లేని పాదములతో, తన స్వగ్రామమునకే మొదట సువార్తతో బయలుదేరారు. తల్లి కోరిన సాధువే అయ్యారు. అయితే ఆమె ఊహించిన దారిన కాదు.

కొంతకాలము సుబాతులో కుష్ఠురోగుల మధ్య పనిచేశారు. శామ్యూలు స్టోక్స్ అను అమెరికను సహోదరుడు సన్యాసివలె జీవించుచుండగా ఆయనతో కలిసి కొండ గ్రామములలో సేవ చేశారు. 1909లో లాహోరులోని సెయింట్ జాన్స్ డివినిటీ కళాశాలలో చేరారు. అక్కడ ఉన్నది ఎనిమిది నెలలే. గురుపట్టము పొందవలెనంటే కాషాయము విడిచి గురువుల వస్త్రము ధరించవలెను, తన డయాసిసు వెలుపల ఇష్టము వచ్చినచోట బోధింపరాదు అని తెలిసినప్పుడు, తనకిచ్చిన బోధకుని లైసెన్సును తిరిగి అప్పగించారు. బిషప్పు లెఫ్రాయిగారు కోపపడలేదు. ఆ యువకుని పిలుపును అర్థము చేసికొని అంగీకరించారు. డయాసిసు సంచికలో ఈ సంగతి వ్రాయుట కొంత వింతగానే ఉన్నది. మేము కళాశాల పట్టా పుచ్చుకొని, నియమించిన పాస్టరేటులో, నియమించిన జీతముతో పనిచేయువారము. క్రమము లేకుండ సంఘము నిలువదు, అది నిజమే. కాని క్రమము వెలుపల నడిచిన ఒకనికి దారి విడిచిన బిషప్పును గూర్చియు మన గురువులు తెలిసికొనవలెను.

సాధువుగారు కాషాయము ఎందుకు విడువలేదో ఆయన ఉపమానములలో ఒకటి చెప్పుతుంది. ఎండకాలమున ఒక రైల్వే స్టేషనులో అగ్రకులస్థుడైన ప్రయాణికుడు దాహముతో సొమ్మసిల్లి పడిపోయినాడు. స్టేషనుమాస్టరు తెల్లని కప్పులో నీళ్లు తెచ్చి ఇచ్చినాడు. ప్రాణము పోవుచున్నా ఆ మనిషి ఆ కప్పును ముట్టలేదు. ఆ నీళ్లనే అతని సొంత ఇత్తడి చెంబులో పోసి ఇవ్వగా సంతోషముతో త్రాగినాడు. జీవజలమును పరదేశపు కప్పులో ఇస్తే మన దేశస్థులు త్రాగరు, వారి చెంబులోనే ఇవ్వవలెను అని సాధువుగారి బోధ. భారతదేశ సంఘమును గూర్చి ఇంతకంటె చిన్న మాటలో ఇంత పెద్ద సంగతి చెప్పినవారు అరుదు.

ఈ ఉపమానమును మేము మా మొదటి పాస్టరేటులో, ఒక పేటలోని చిన్న గుడిలో సాయంకాలపు ఆరాధనలో చెప్పాము. చక్కగా చెప్పామనే అనుకున్నాము. ఆరాధన అయిన తరువాత ఒక వృద్ధురాలు వాకిట నిలిచి, అయ్యగారూ అని పిలిచి, ఆ మనిషికి మన పేటవాళ్లు మన చెంబుతో నీళ్లు తెచ్చి ఇస్తే త్రాగేవాడా అని అడిగినది. మేము జవాబు చెప్పలేకపోయాము. ఆమె చిన్నతనమున ఊరి బావి దగ్గర నిలబడి ఎవరైనా దయతలచి పైనుండి పోయగా దోసిట పట్టి త్రాగిన మనిషి. చెంబు ఎవరిది అని ఆమెను ఎవరును అడుగలేదు. అసలు చెంబే ఆమెకు అందనివ్వలేదు. సాధువుగారి ఉపమానములో దాహము తీరినది గాని, కప్పును త్రోసివేసిన ఆ చేతిలోని రోగము తీరలేదు.

ఆ రాత్రి మేము యోహాను సువార్తలో సమరయ బావి దగ్గరకు పోయాము. అక్కడ ప్రభువు ఆమెకు జీవజలము ఇచ్చుటకు ముందు ఆమె కుండలోని నీళ్లు తనకు ఇమ్మని అడిగాడు. యూదుడు ముట్టరాని కుండ అది. కళాశాలలో ఆ అధ్యాయమును గ్రీకులో చదివియు మేము ఆ కుండను చూడలేదు. ఆ వృద్ధురాలు చూపినది. తరువాతి నెలలో మరల ఆ గుడికి వెళ్లి, రెంటిని కలిపి చెప్పాము. ఈసారి ఆమె ఏమియు అడుగలేదు. అయినను, ప్రభువు బల్ల యొద్ద ఒకే పాత్రలోనిది పుచ్చుకొనునప్పుడు తమకంటె ముందు ఎవరు త్రాగుచున్నారో చూచుకొని లేచువారు మన సంఘములలో ఎవరును లేరని మేము చెప్పలేము.

సామెత లేని మాట ఆమెత లేని ఇల్లు అనుకొను జాతి మనది. అందుచేత సాధువుగారి బోధ మనవారికి వెంటనే పట్టినది. ఆయన ఉపమానములను వెదకుటకు గ్రంథాలయమునకు పోలేదు. ఉప్పునీటిలో పుట్టి పెరిగిన చేప ఉప్పు కాదు, లోకములోనున్న విశ్వాసియు అట్లే అనేవారు. పడవ నీటిలో ఉండవలసినదే గాని నీరు పడవలోనికి రాకూడదు అనేవారు. మన గోదావరి రేవులలో పడవ నడుపువానికి దీనికి వ్యాఖ్యానము అక్కరలేదు. ప్రభువు చేసినదియు ఇదే కదా. విత్తువాడు, పులిసిన పిండి, పోయిన నాణెము, ద్రాక్షతోట కూలీలు ఇవన్నియు వినువారి ఇంటిలోనివి, పొలములోనివి. మనము మాత్రము ఆ ఉపమానములను వాక్యపఠనపు కుర్చీ మీదనే కూర్చోబెట్టి, పొలములోనికి తిరిగి పంపుట మరచిపోయాము.

1908లో, పందొమ్మిదవ ఏట, ఆయన మొదటిసారి టిబెట్టులో అడుగుపెట్టారు. అది పరదేశులకు, పరమతస్థులకు తలుపు మూసిన దేశము. అటుపిమ్మట ఎన్నో వేసవులు హిమాలయ కనుమలు దాటి ఆ ప్రాంతములలో సంచరించారు. రాళ్లకు, మంచుకు చీలి నెత్తురు కారు పాదములను చూచి, నెత్తురోడు పాదముల అపొస్తలుడని ఆయనకు పేరు పెట్టారు. ఆ దారులలోనిదే మనవారందరికి తెలిసిన మంచు కథ. గొప్ప మంచుతుపానులో ఒక టిబెట్టువానితో కలిసి పోవుచుండగా, దారి క్రింద లోయలో ఒక మనిషి పడియుండుట కనబడినది. ఆగితే మనమును చస్తామని తోటివాడు సాగిపోయినాడు. సాధువుగారు దిగి ఆ మనిషిని వీపున మోసికొని బయలుదేరారు. మోయుచున్న శ్రమచేత ఒంట వేడి పుట్టినది. ఆ వేడి వీపుమీది వానికిని తగిలినది. కొంత దూరము పోవునప్పటికి, ముందు పోయిన తోటివాడు మంచులో బిగుసుకొని చనిపోయి కనబడినాడు. తన ప్రాణమును రక్షించుకొనగోరినవాడు దానిని పోగొట్టుకొనుననుటకు ఇది వ్యాఖ్యానము కాదు, అనుభవము అని ఆయన చెప్పేవారు.

ఈ కథను మేము ఎన్నోసార్లు చెప్పి, ఒక సంవత్సరము పాటు చెప్పడము మానుకున్నాము. ఒక వానాకాలపు రాత్రి దూరపు పల్లెనుండి ఒక యువకుడు తడిసి వచ్చి, తన తండ్రికి బాగుగా లేదు, ఒకసారి వచ్చి ప్రార్థన చేయుమని అడిగినాడు. వాగు పొంగియున్నది, మరునాడు కమిటీ మీటింగు ఉన్నది, జ్వరము తగిలినట్లున్నది అని మాకు మంచి కారణములే ఉన్నవి. ఉదయమున వచ్చెదనని చెప్పి పంపాము. ఉదయమున వెళ్లునప్పటికి సమాధి త్రవ్వుచున్నారు. ఎవరును మమ్మును ఒక్క మాట అనలేదు. మంచి సమరయుని కథలో యాజకునికి, లేవీయునికి కూడ తగిన కారణములే ఉండియుండవచ్చునని అప్పుడు తోచినది. ప్రభువు వారి కారణములను చెప్పక విడిచిపెట్టాడు. ప్రక్కగా పోయిరని మాత్రమే చెప్పాడు. ఆ తరువాత ఆ కథ చెప్పునప్పుడు, ముందు పోయిన టిబెట్టువానిని చెడ్డవానిగా చెప్పుట మాకు సాధ్యము కాలేదు.

1918లో సాధువుగారు దక్షిణ దేశమునకు వచ్చి, మద్రాసులోను, తిరువాన్కూరు సిరియను క్రైస్తవుల మహాసభలలోను, సింహళమునందును వేలాది ప్రజలకు బోధించారు. అటుపిమ్మట బర్మా, మలయా, చైనా, జపాను. 1919లో తండ్రి షేర్ సింగ్ క్రీస్తును అంగీకరించారు. ఇంటినుండి వెళ్లగొట్టిన తండ్రే, 1920లో కుమారుడు ఇంగ్లండు వెళ్లుటకు ఓడ ఖర్చు ఇచ్చారు. తప్పిపోయిన కుమారుని ఉపమానము ఈ యింట తిరగబడినది. ఇల్లు విడిచిపోయిన కుమారుడు కనిపెట్టుచుండగా, తిరిగి వచ్చినది తండ్రి. పదిహేనేండ్లు పట్టినది. మన యిండ్లలో భర్త కొరకు, కుమారుని కొరకు ప్రార్థించుచు విసిగినవారు ఈ లెక్కను జ్ఞాపకముంచుకొందురు గాక.

ఆ సంవత్సరము ఇంగ్లండు, అమెరికా, ఆస్ట్రేలియాలు తిరిగారు. 1922లో పాలస్తీనా చూచి, స్విట్జర్లాండు, జర్మనీ, స్వీడను, నార్వే, డెన్మార్కు, హాలెండు దేశములలో బోధించారు. తాను చిన్ననాడు కాల్చిన పుస్తకమును తన దేశమునకు పంపిన జనులను చూడవలెనని ఎంతో ఆశతో వెళ్లారు. చూచినది ఆయనను దుఃఖపెట్టినది. గుడులు గొప్పవి, ప్రార్థన తక్కువ. అప్పుడు చెప్పినదే నీటిలోని రాయి ఉపమానము. హిమాలయములలో ఒక యేటి ఒడ్డున కూర్చుండి, నీటిలోనుండి గుండ్రని రాయిని తీసి పగులగొట్టారు. ఎంతో కాలము నీటిలో ఉన్న ఆ రాయి లోపల పొడిగా ఉన్నది. ఐరోపా జనులు శతాబ్దములుగా క్రైస్తవ్యములో మునిగియున్నారు గాని అది వారి లోపలికి పోలేదు, తప్పు నీటిది కాదు, రాతిది అని ఆయన భావము.

ఈ ఉపమానము చెప్పునప్పుడు మన సంఘములలో తలలు ఊపుతారు, ఎందుకంటే అది తెల్లవారిని గూర్చినదని మనకు తెలియును. మేము ఊపిన తలలలో మాదియు ఉన్నది. అయితే నూరు సంవత్సరముల పండుగ చేసికొనుచున్న డయాసిసులో ఆ రాయి ఎక్కడిదో ఆలోచింపవలెను. మన తాతలు బాప్తిస్మము పొందినప్పుడు ఊరివారు బావి కట్టారు, కూలి మానిపించారు, అయినను నిలిచారు. మనము ఏమియు పోగొట్టుకొనకుండ మూడవ తరము, నాలుగవ తరము క్రైస్తవులమైనాము. బాప్తిస్మపు రిజిష్టరులో పేరు ఉన్నది. దృఢీకరణ సర్టిఫికెట్టు పెట్టెలో ఉన్నది. క్రిస్మసుకు క్రొత్త బట్టలు ఉన్నవి. ఇరువురు అన్నదమ్ములు గుడిలో ఒకే బెంచీ మీద కూర్చుండి, కోర్టులో ఒక గట్టు కొరకు ఎదురెదురుగా నిలుచుట మేము చూచాము. వారిలో ఒకరు ఈ రాతి కథను మాకంటె బాగుగా చెప్పగలరు.

ఇక ఒక సంగతి దాచుట న్యాయము కాదు. సాధువుగారు బ్రతికియుండగానే ఆయన చెప్పిన సంగతులు నిజమేనా అని ప్రశ్న పుట్టినది. టిబెట్టులో రాసారు అను చోట తనను పాడుబావిలో పడవేయగా మూడవ రాత్రి ఎవరో తెలియనివారు పైకి తీసిరని, కైలాసము దగ్గర వందల యేండ్ల వయస్సుగల ఒక మహర్షిని చూచితినని ఆయన చెప్పారు. నలుబది దినముల ఉపవాసమును గూర్చియు అనుమానములు వచ్చినవి. మన దేశములో హోస్టెను అను జెస్యూటు పాదిరి, స్విట్జర్లాండులో ఫిస్టరు అను పాస్టరు ఆయనను కఠినముగా విమర్శించారు. జర్మనీలో హైలరు పండితుడు, స్వీడనులో ఆర్చిబిషప్పు సోడర్బ్లామ్ గారు ఆయన పక్షము నిలిచారు. ఇంగ్లండులో స్ట్రీటరు పండితునితో కలిసి 1921లో ఆయనను గూర్చి పుస్తకము వ్రాసిన ఎ.జె. అప్పాసామిగారు తరువాత మన దక్షిణ ఇండియా సంఘములో కోయంబత్తూరు బిషప్పు అయ్యారు. టిబెట్టు సంగతులకు సాక్షులు దొరకలేదు. ఆయన చెప్పిన ప్రతి మాట చెప్పినట్లే జరిగినదని ఋజువు చేయగలవారు లేరు.

మా అభిప్రాయము చెప్పెదము. తప్పిపోయిన కుమారుని ఊరు ఏది అని ఎవరును అడుగరు, అది ఉపమానము గనుక. కాని నాకు ఇట్లు జరిగినది అని చెప్పినది సాక్ష్యము, దానిని అడుగు హక్కు వినువారికి ఉన్నది. సాధువుగారు ధ్యానములో చూచినదానికిని కన్నులతో చూచినదానికిని మధ్య గీత ఒక్కొక్కసారి చెరిగియుండవచ్చును. ఆయన అబద్ధికుడని మేము అనుకొనము. ధనము కూర్చుకొనలేదు, గుంపు కట్టలేదు, తన పేర సంఘము పెట్టలేదు. తన్ను నిందించినవారితో పెద్దగా వాదమునకు దిగలేదు. అయితే మన కన్వెన్షను పందిళ్లలో ఆయన పేర క్రొత్త క్రొత్త అద్భుతములు పుట్టుచుండుట చూడగా బాధ కలుగును. ఆయన చెప్పనివి, ఎవరును వ్రాయనివి కూడ ఆయన తలమీద పెట్టుచున్నాము. ఉపమానమును ఉపమానముగా చెప్పితే దాని బలమేమియు తగ్గదు.

1922 తరువాత ఆరోగ్యము పాడైనది. కంటిచూపు తగ్గినది, గుండెనొప్పులు వచ్చేవి. సుబాతులో ఇల్లు తీసికొని చిన్న చిన్న పుస్తకములు వ్రాశారు. వాటిలో మొదటిదైన గురుపాదముల చెంతను గూర్చిన పుస్తకము 1922లో ఉర్దూలో వెలువడినది. ప్రతి వేసవిలోను టిబెట్టు ఆయనను పిలిచేది. 1927లో బయలుదేరి, దారిలో తీవ్రముగా జబ్బుపడి తిరిగి వచ్చారు. స్నేహితులు వద్దన్నారు. 1929 ఏప్రిల్ నెలలో మరల బయలుదేరారు. ఆ వేసవి చివర తిరిగి రాలేదు, ఉత్తరము రాలేదు. ఆయనకు స్నేహితులైన మిషనరీలు ఆ కనుమల దారిలో వెదకి వచ్చారు. ఏ ఆనవాలును దొరకలేదు. 1933లో ప్రభుత్వము ఆయనను మృతుల లెక్కలో చేర్చినది.

ఆయనకు సమాధి లేదు. చివరిసారి బయలుదేరునాటికి నలుబది యేండ్లు నిండలేదు. ఈ వ్యాసము వ్రాయుచున్న మాకు ఆ వయస్సు దాటి కొన్నేండ్లయినది.